ట్రెండ్ కనిపించలేదని రాస్తే నేను స్కెప్టిక్‌నా?

సగంచినుకు
పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) మూడో ఏడు. కాంట్రాక్టు ఇంకో ఏడు నెలల్లో అయిపోతుంది. కడుపులో దాచుకోలేక ఇక్కడ కక్కేస్తున్నా.

నా పని గంటలోపు కురిసే భారీ వానల మీద. 42 ఏళ్ల రికార్డు, 60కి పైగా స్టేషన్లు. ఇదే డేటా మీద మా గ్రూపు ఆరేళ్ల కిందట పేపర్ వేసింది, కుండపోతలు గట్టిగా పెరిగాయని. బాగా సైటేషన్లు వచ్చిన పేపర్. తర్వాతి ఆరేళ్ల డేటా కలిపి దాన్ని పొడిగిద్దామని కూర్చున్నా. పొడిగించే ముందు స్టేషన్ల చరిత్ర చదవడం మొదలుపెట్టా. అదే నేను చేసిన తప్పు.

సగానికి పైగా స్టేషన్లలో ఒకటి రెండేళ్ల తేడాతో వాన కొలిచే పాత సైఫన్ గేజ్ తీసేసి, పడ్డ నీటిని తూచి కొలిచే తూకం గేజ్ పెట్టారు. సైఫన్ గేజ్ నిండగానే నీరంతా ఒక్కసారిగా దిగిపోతుంది. అలా దిగేంతసేపు పడ్డ వాన పెన్ను గీతలోకి రాదు. మామూలు వానకి ఈ నష్టం లెక్కలోకి రాదు. కుండపోతకి గేజ్ మాటిమాటికీ నిండుతుంది కాబట్టి బాగానే తెలుస్తుంది. తూకం గేజ్‌కి ఆ బాధ లేదు. గ్రాఫులో సరిగ్గా గేజ్ మార్చిన చోటే ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు తీసేస్తే ట్రెండ్ కాస్తా ఎర్రర్ బార్‌లో (లెక్కలో ఉండే అనిశ్చితిలో) మునిగిపోతోంది.

గైడ్‌కి చూపించా. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మెథడ్స్‌లో ఒక వాక్యం పెట్టు, అబ్‌స్ట్రాక్ట్‌లో వద్దు. స్కెప్టిక్‌ల చేతికి మనమే కర్ర ఇచ్చినట్టవుతుంది" అన్నారు. అప్పట్నుంచి ల్యాబ్‌లో నన్ను "స్కెప్టిక్ గారూ" అని పిలుస్తున్నారు, భూమి వేడెక్కడాన్ని నమ్మని మనిషినన్నట్టు. సరదాకే. మొదటి రోజు నేనూ నవ్వా.

భూమి వేడెక్కుతోందన్న దాంట్లో నాకు ఇసుమంత అనుమానం లేదు. ఈ డేటాలో ఈ ట్రెండ్ లేదంటున్నా, అంతే. ఈ రెండు మాటలూ ఒకే మనిషి అనకూడదా?

రెండో_రివ్యూయర్
విషయం ఆసక్తికరంగా ఉంది. అయితే రచయిత ఈ రంగంలోని ఐదు ముఖ్యమైన పేపర్లు చదివినట్టు లేదు. ఐదూ నావే.

కోడ్‌కూలి
కాంట్రాక్టులో ఏడు నెలలు మిగిలి ఉండగా స్టేషన్ల చరిత్ర చదివావా? ధైర్యం అంటే అదీ.

పాత_థర్మామీటర్
నేను చేసే పనే ఇది కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా.

ముందు ఒక జాగ్రత్త. మెట్టు కనబడగానే రెండు వైపులా సగటు లెక్కేసి తేడా తీసేశారంటే, గేజ్ వల్ల వచ్చిన తేడాతోపాటు నిజంగా వాన పెరిగినదీ కొంత కొట్టుకుపోతుంది. మీకు ట్రెండ్ "మునిగిపోయింది" అనిపించడంలో ఆ పాపం ఎంతో ఇంకా తెలీదు. పాతదీ కొత్తదీ పక్కపక్కన నడిచిన స్టేషన్ ఒక్కటైనా ఉందేమో వెతకండి. గేజ్ మార్చేటప్పుడు కొన్నాళ్లు రెండూ నడపాలి. చాలాచోట్ల నడపరు, నడిపినచోట్ల ఆ కాగితాలు ఏ బీరువాలోనో ఉంటాయి.

రెండోది. సరిదిద్దితే ట్రెండ్ తగ్గిందని రాయడానికి భయం దేనికి? సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతల సంగతే తీసుకోండి. పూర్వం ఓడ మీంచి బకెట్ దించి నీళ్లు తోడి అందులో థర్మామీటర్ పెట్టేవారు. గుడ్డ బకెట్ అయితే పైకి లాగేలోపు గాలికి ఆరి నీరు చల్లబడుతుంది. అంటే పాత కాలం ఉన్నదానికంటే చల్లగా నమోదైంది. దాన్ని సరిచేస్తే పాత అంకెలు పైకి జరుగుతాయి, మొత్తం భూమి వేడెక్కిన లెక్క తగ్గుతుంది. అవును, తగ్గుతుంది. నేలా సముద్రం కలిపి చూస్తే, ముడి డేటా కంటే సరిదిద్దిన డేటాలోనే దీర్ఘకాలపు వేడిమి తక్కువ. డేటా వండుతారని తిట్టేవాళ్లకి ఈ ముక్క చెబితే మాట పడిపోతుంది. నేనెన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

అనుమానం_ఆచారి
నా మాట పడిపోలేదు, ఇక్కడే ఉన్నాను. రిటైరైన జియాలజిస్టుని, 31 ఏళ్లు రాళ్లు చూశాను. ఈ చర్చల్లో నన్ను ఎప్పుడూ దుష్టపాత్రకే పిలుస్తారు, ఈసారి పిలవకుండానే వచ్చాను.

సగంచినుకు గారూ, మీ గైడ్ అన్న మాటే నేను ఇరవై ఏళ్లుగా చెబుతున్నది. ట్రెండ్ ఉన్న పేపర్‌కి గ్రాంటు, లేని పేపర్‌కి ఉపదేశం. 2009లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ క్లైమేట్ సైంటిస్టుల మెయిల్స్ బయటపడినప్పుడు "హైడ్ ద డిక్లైన్" (తగ్గుదలని దాచు) అని వాళ్ల నోటితోనే విన్నాం. 2035 కల్లా హిమాలయాల మంచు కరిగిపోతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ కమిటీ ఐపీసీసీ 2007 నివేదికలో రాసి, 2010లో తప్పైందని ఒప్పుకుంది. క్లైమేట్ సైంటిస్టు జుడిత్ కర్రీ 2017లో ఈ రంగంలోని పిచ్చితనం భరించలేనంటూ ప్రొఫెసర్ ఉద్యోగమే వదులుకుంది. నిప్పు లేనిదే పొగ రాదు.

పొడిమేఘం
ఆచారి గారూ, "డిక్లైన్" అంటే ఏది తగ్గిందో కూడా చెప్పండి మరి.

అనుమానం_ఆచారి
మీరే చెప్పండి, మీ నోటితో బాగుంటుంది.

పొడిమేఘం
థర్మామీటర్ తగ్గలేదు. కొన్ని ఉత్తర ప్రాంతాల చెట్ల వలయాల్లో (పాత కాలపు ఉష్ణోగ్రత అంచనాకి వాడేవి) 1960 తర్వాత కలప సాంద్రత తగ్గింది, పక్కనే థర్మామీటర్ పైకి పోతుంటే. ఆ రెండూ విడిపోతున్నాయని వాళ్లే 1998లో నేచర్ పత్రికలో అచ్చేశారు కూడా. కాబట్టి రహస్యమేమీ కాదు.

కానీ మా వాళ్ల తప్పు కూడా చెబుతా, లేకపోతే మీకూ నాకూ తేడా ఉండదు. 1999లో ప్రపంచ వాతావరణ సంస్థ నివేదిక అట్ట మీద వేసిన గ్రాఫులో చెట్ల గీతని మధ్యలో కత్తిరించి థర్మామీటర్ గీతతో అతికించారు, అతికించామని చెప్పలేదు. ఆ మెయిల్స్ మీద 2010లో విచారణ చేసిన మ్యూర్ రసెల్ కమిటీ మోసం లేదంది, ఆ బొమ్మ మాత్రం తప్పుదారి పట్టించేదే అంది. డేటా అడిగినవాళ్లకి ఇవ్వకుండా తప్పించుకున్నారని కూడా తలంటింది. అందులో పేరు నలిగిన ఈస్ట్ ఆంగ్లియా సైంటిస్టు ఫిల్ జోన్స్‌కి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఇప్పుడు ఆ గదిలో కూర్చున్న మనిషి డేటా ఇవ్వడానికి ఎందుకు జంకుతాడో, జంకితే బయట ఎలా కనబడుతుందో ఊహించుకోండి. రెండు వైపులా బిగుసుకుపోయారు.

ఎర్రర్‌బార్
2035 సంగతి. ఆ వాక్యం ఉన్నది ప్రభావాల మీద రాసిన రెండో వర్కింగ్ గ్రూపు భాగంలో. తప్పని గోల చేసినవాళ్లు గ్లేసియర్ల మీద పనిచేసే సైంటిస్టులే. సరిగ్గా చదవకుండా రాసినవాళ్లూ మనవాళ్లే, పట్టుకున్నవాళ్లూ మనవాళ్లే.

రెండో_రివ్యూయర్
రెండో గ్రూపు, రెండో రివ్యూయర్... ప్రపంచంలోని పాపాలన్నీ రెండోవాళ్ల మీదికే ఎందుకొస్తాయో.

బెంచ్‌కెమిస్ట్
"గ్రాంటు కోసం భూతాపం" అనే వాదన వింటే నాకు నవ్వొస్తుంది. డబ్బే కావాలంటే ఇదే లెక్కలు, ఇదే కోడింగ్ తీసుకెళ్లి ఏ బ్యాంకులోనో కూర్చుంటే మూడు నాలుగు రెట్లు ఇస్తారు. కార్బన్ డయాక్సైడ్ వల్ల కాదు, ఇంకో దాని వల్ల అని గట్టిగా నిరూపించినవాడికి ఏ పేరొస్తుందో తెలుసా? ఒక్క పేపర్‌తో జీవితాంతం బతికేయొచ్చు.

కోడ్‌కూలి
@బెంచ్‌కెమిస్ట్ అది నిజమే గానీ సగం నిజం. అంత పెద్ద ఫలితం వస్తే పేరు. చిన్న "ఇక్కడేమీ కనబడలేదు" ఫలితానికి ఎవరిస్తారు పేరు? వాతావరణమనే కాదు, మందుల ట్రయల్స్ చూడు, సైకాలజీ చూడు. శూన్య ఫలితాలు సొరుగులోనే ఉండిపోతాయి. నా సొరుగులోనే నాలుగున్నాయి.

ఎర్రర్‌బార్
నాలుగున్నర. ఆ సగం నాది, గుర్తుందా?

కోడ్‌కూలి
గుర్తుంది అన్నా. ఆ సగం వల్లే మిగతా సగం రాయబుద్ధి కాలేదు.

పాత_థర్మామీటర్
ఆచారి గారి మాటకి వస్తా. అనుమానించేవాళ్లని రానివ్వరు అంటారు కదా. రిచర్డ్ ముల్లర్ ఫిజిసిస్టు, ఉష్ణోగ్రత రికార్డుల మీద బాహాటంగా అనుమానాలు చెప్పినవాడు. 2010లో బర్కిలీ ఎర్త్ అనే పరిశోధన బృందం మొదలుపెట్టి 30 వేలకు పైగా స్టేషన్ల డేటా తీసుకుని మొదట్నుంచీ మళ్లీ లెక్కేశాడు. పెట్టిన డబ్బులో కొంత చార్లెస్ కోక్ ఫౌండేషన్‌ది, అంటే చమురు వ్యాపారుల సొమ్మే. జవాబు పాతవాళ్లదే వచ్చింది. 2012లో తన మనసు మారిందని పత్రికలో రాశాడు, కారణం దాదాపు పూర్తిగా మనుషులే అని కూడా. ముందు 2011లో "ఏ జవాబొచ్చినా ఒప్పుకుంటా" అన్న పెద్దమనిషి ఒకాయన, జవాబొచ్చాక ఒప్పుకోలేదు.

క్రిస్టీ, స్పెన్సర్ అనే సైంటిస్టుల ఉపగ్రహ ఉష్ణోగ్రత డేటా కూడా ఉంది. 1990ల్లో దాంట్లో వేడిమి దాదాపు కనబడేది కాదు, స్కెప్టిక్‌లకి అదే పట్టుకొమ్మ. 1998లో, ఉపగ్రహం కొద్దికొద్దిగా కిందికి జారుతోందనీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదనీ వేరేవాళ్లు చూపించారు. 2005లో, పగలూ రాత్రీ తేడాని సరిచేసే సర్దుబాటులో గుర్తే తిరగబడిందని ఇంకొకరు చూపించారు. ప్లస్ ఉండాల్సిన చోట మైనస్. వాళ్లు ఒప్పుకుని దిద్దుకున్నారు. ఇప్పుడు వాళ్ల సొంత లెక్కలోనే దశాబ్దానికి సుమారు 0.15 డిగ్రీలు పెరుగుతోంది. ఇప్పటికీ ఆ ఇద్దరూ మిగతావాళ్లతో విభేదిస్తారు, పేపర్లు వేస్తారు. రానివ్వకపోతే ఇదంతా ఎలా జరిగింది?

అనుమానం_ఆచారి
ఆ ఇద్దరికీ అప్పటికే పక్కా ఉద్యోగాలు ఉన్నాయి థర్మామీటర్ గారూ. సగంచినుకు గారికి ఏడు నెలలే ఉన్నాయి.

పొడిమేఘం
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆచారి గారికి ఒక మార్కు.

మంచుకోర్
అడ్డొస్తున్నందుకు తిట్టుకోకండి. నాకు బాగా నచ్చని ఉదాహరణ ఒకటుంది, దీనికి సరిగ్గా సరిపోతుంది కాబట్టి చెప్పక తప్పట్లేదు. 2023లో పాట్రిక్ బ్రౌన్ కాలిఫోర్నియా కార్చిచ్చుల మీద నేచర్‌లో పేపర్ వేశాడు. వేసిన వారానికే బయట వ్యాసం రాశాడు: పెద్ద జర్నల్‌లో పడాలని వేడిమి ఒక్కదాని మీదే దృష్టి పెట్టాను, అడవుల నిర్వహణ, మనుషులు అంటించే మంటలు కావాలనే పక్కన పెట్టాను అని.

అనుమానం_ఆచారి
ఇది నేనే చెబుదామనుకున్నా. మీ నోటి నుంచి వచ్చింది, సంతోషం.

మంచుకోర్
అంత తొందరొద్దు సార్. మిగతా అంశాలు ఎందుకు లేవని రివ్యూయర్లే అడిగారు, అక్కర్లేదని వాదించింది రచయితలే. ఆ ఉత్తర ప్రత్యుత్తరాలు పేపర్‌తోపాటే బయట పెట్టారు. ఎడిటర్ కూడా అదే అంది. అంటే అడ్డుకున్నవాడు లేడు, అడ్డుకుంటారని ముందే ఊహించుకుని తన కాళ్లకి తనే సంకెళ్లేసుకున్నాడు. నాకు కోపమూ అక్కడే, భయమూ అక్కడే. ఎందుకంటే నేనూ అదే చేస్తా. పేపర్ రాసేటప్పుడు బుర్రలో ఒక ఎడిటర్ కూర్చుంటాడు, ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు, ఆయనకి ఏది నచ్చుతుందో మాత్రం బాగా తెలుసనుకుంటా. "పెరగవచ్చు" అని రాసినదాన్ని "గణనీయంగా పెరుగుతుంది" అని దిద్దింది నేనే, ఎవరూ చెప్పలేదు. అర్ధరాత్రి, డెడ్‌లైన్ ముందు. మర్నాడు చదువుకుంటే సిగ్గేసింది, కానీ అప్పటికే పంపేశా.

బ్రౌన్ పేపర్‌లోని లెక్క తప్పని ఎవరూ అనలేదు, ఆయనా అనలేదు. ఒత్తిడి పనిచేసింది ఏ ప్రశ్న అడగాలన్న చోట. థర్మామీటర్ జోలికి పోలేదు.

బెంచ్‌కెమిస్ట్
"థర్మామీటర్ జోలికి పోలేదు" అని ఎంత తేలిగ్గా తప్పించుకున్నావు. ఏ ప్రశ్న అడగాలో ఒత్తిడే నిర్ణయిస్తే, అడగని ప్రశ్నల జవాబులు ఎక్కడున్నట్టు?

మంచుకోర్
కోడ్‌కూలి సొరుగులో.

ఎర్రర్‌బార్
😂

పొడిమేఘం
అసలు పునాది ఎక్కడ, అంచు ఎక్కడ అన్నది విడదీయకపోతే ఈ గొడవ తెగదు. నేను మోడల్స్ నడిపేదాన్ని, నాకు తెలిసినంత చెబుతా.

పునాది: స్వీడన్ సైంటిస్టు అరీనియస్ 1896లోనే కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే ఎంత వేడెక్కుతుందో చేత్తో లెక్కేశాడు, ఐదారు డిగ్రీలొచ్చింది. ఎక్కువే, కానీ అప్పటికి గ్రాంటుల గోల లేదు కదా. మనాబే, వెదరాల్డ్ 1967లో కింద గాలి వేడెక్కితే పైన స్ట్రాటోస్ఫియర్ చల్లబడాలని లెక్కలో చూపించారు. సూర్యుడే కారణమైతే పైనా కిందా రెండూ వేడెక్కాలి. ఉపగ్రహాలు తర్వాత చూస్తే పైన చల్లబడుతోంది. చూడకముందే చెప్పిన మాట అది. మనాబేకి 2021లో నోబెల్ వచ్చింది. ఇది కదిలేది కాదు.

అంచు: మేఘాలు, ఒక ప్రాంతంలో వానలు, ఒక తుపానులో మనిషి వాటా ఎంత. ఇక్కడ మేం తరచూ తప్పుతాం. 1979లో చార్నీ నివేదిక కార్బన్ డయాక్సైడ్ రెట్టింపుకి 1.5 నుంచి 4.5 డిగ్రీలు అంది. 2021లో ఐపీసీసీ 2.5 నుంచి 4 అంది. 42 ఏళ్లలో ఆ కాస్త ఇరుకు చేయడానికి ఎంతమంది జుట్లు నెరిశాయో. కొత్త మోడల్స్‌లో కొన్నింటికి 5 దాటి వచ్చింది. ఇవి మరీ వేడి మోడల్స్, వీటి సగటు గుడ్డిగా వాడొద్దు అని 2022లో నేచర్‌లో రాసినవాళ్లు ఎవరనుకున్నారు? క్లైమేట్ సైంటిస్టులే. దాని వల్ల ఎవరి ఉద్యోగమూ పోలేదు.

సగంచినుకు గారి ఫలితం ఆ అంచులోది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే పట్టే తేమ సుమారు 7 శాతం పెరుగుతుంది, అది భౌతికశాస్త్రం. కొలతలు సరిపడా ఉన్న నేల మీద చాలాచోట్ల 1950ల నుంచి భారీ వానలు పెరిగాయి, అది ఐపీసీసీ మాట. కానీ ఒక్క ప్రాంతంలో నలభై ఏళ్లలో ఆ చిన్న పెరుగుదల ఏటికేడు వచ్చే ఊగిసలాటలో దాక్కోవడం వింతేమీ కాదు. "లేదు" అనకండి, "ఈ డేటాలో తేలలేదు" అనండి. ఈ రెండింటికీ మధ్య ఏనుగు దూరేంత సందుంది.

సగంచినుకు
అందరికీ థ్యాంక్స్. @పొడిమేఘం ఆ వాక్యం మార్చేశా. @పాత_థర్మామీటర్ మీరన్న పక్కపక్క గేజ్‌ల కోసం మెయిల్స్ పెట్టా. ఇద్దరు "మా దగ్గర లేవు" అన్నారు. ఒకరు "అడిగిన మొదటి మనిషివి నువ్వే" అన్నారు, ఉన్నాయో లేవో మాత్రం చెప్పలేదు.

కోడ్‌కూలి
నా సలహా ఎవరికీ నచ్చదు, అయినా చెబుతా. ఉద్యోగం దొరికాక పేపర్ వెయ్యి. రికార్డులో ఉన్న ట్రెండ్ ఏడాది ఆగితే పారిపోదు. పాత పేపర్ మీ గైడ్‌ది, నీకు రికమెండేషన్ లెటర్ రాయాల్సిందీ ఆయనే. అడకత్తెరలో పోకచెక్కలా ఉండి ధర్మపన్నాలు వల్లించకు.

మంచుకోర్
అందరూ ఉద్యోగం దొరికాక, ప్రమోషన్ వచ్చాక, రిటైరయ్యాక అనుకుంటూ పోతే చివరికి నిజాలు చెప్పేది ఆచారి గారొక్కరే.

అనుమానం_ఆచారి
దీన్ని పొగడ్త కిందే రాసుకుంటున్నాను.

పాత_థర్మామీటర్
కోడ్‌కూలి చెప్పింది పిరికితనం కాదు, అద్దె కట్టాల్సిన మనిషి మాట. కీలింగ్ కథ తెలుసు కదా. 1958లో హవాయిలోని మౌనా లోవాలో కార్బన్ డయాక్సైడ్ కొలవడం మొదలుపెట్టాడు, అప్పుడు సుమారు 315 పీపీఎం (పది లక్షల గాలి అణువుల్లో 315), ఇప్పుడు 420 దాటింది. ప్రపంచమంతా చూపించే ఆ గీతలో 1964లో కొన్ని నెలల ఖాళీ ఉంటుంది. పరికరం చెడిపోయి కాదు, నిధులు కోసేశారు. కొత్త ఆవిష్కరణ ఏముంది, రోజూ అదే కొలుస్తున్నావు కదా అని ఆయన్ని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. గ్రాంటులు భూతాపం వైపే పారతాయనేవాళ్లకి ఆ ఖాళీ చూపిస్తుంటా.

సగంచినుకు గారూ, మీ గైడ్‌ని మాత్రం అప్పుడే దొంగని చేయకండి. ఆయన మాట్లాడకుండా కూర్చున్నారన్నారే, అప్పుడు ఆయన బుర్రలో తిరిగింది స్కెప్టిక్‌లు కాకపోవచ్చు. ఆరేళ్ల కిందట స్టేషన్ చరిత్ర చదవని మనిషి ఎవరా అని అయ్యుండొచ్చు.

సగంచినుకు
ఐదు వారాల తర్వాత వస్తున్నా, ఇంకా ఎవరైనా ఉన్నారా?

"మొదటి మనిషివి నువ్వే" అన్నాయన స్కాన్ చేసి పంపారు. రెండు స్టేషన్లు, పద్నాలుగు నెలలు, పాతదీ కొత్తదీ నాలుగడుగుల దూరంలో. ఆ కాలంలో గట్టి వానలు 19. చార్టుల మీద సైఫన్ దిగిన చోట నిలువు గీతలు ఒకదాని పక్కన ఒకటి దువ్వెన పళ్లలా ఉన్నాయి. ఆ పళ్లు లెక్కపెట్టుకుంటూ పది రోజులు కూర్చున్నా. పాత గేజ్ గట్టి వానల్లో 8 నుంచి 11 శాతం తక్కువ చూపిస్తోంది. ఆ లెక్కతో దిద్దితే ట్రెండ్ పూర్తిగా పోలేదు, థర్మామీటర్ గారు హెచ్చరించింది నిజమే. పాత పేపర్‌లో ఉన్నదాంట్లో మూడో వంతు మిగిలింది. ఎర్రర్ బార్ సున్నాని తాకుతోంది, తాకీ తాకనట్టు.

గైడ్‌కి చార్టులే తీసుకెళ్లి బల్ల మీద పరిచా. ఈసారి కూడా చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పెన్సిల్ తీసుకుని ఒక వాన దగ్గర పళ్లు ఆయనే లెక్కపెట్టారు. నాకు 14 వచ్చిన చోట ఆయనకి 15 వచ్చాయి. ఆయనదే కరెక్టు. అబ్‌స్ట్రాక్ట్‌లో ఒక వాక్యానికి ఒప్పుకున్నారు. పాత పేపర్‌కి దిద్దుబాటు నోట్ గురించి "ఆలోచిద్దాం" అన్నారు. దాని మొదటి రచయితకి మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది, జవాబు లేదు. ఉద్యోగాలకి అప్లికేషన్లు పెడుతున్నా.

బెంచ్‌కెమిస్ట్
14 కాదు 15 అనడం చదివి చాలాసేపు నవ్వా. ఆ మనిషి పర్లేదు.

రెండో_రివ్యూయర్
మిగతా 18 వానల్లోనూ పళ్లు మళ్లీ లెక్కపెట్టవలసిందిగా రచయితను కోరుతున్నాను.

అనుమానం_ఆచారి
డేటా బయట పెడతారా? నేనూ కూర్చుని లెక్కపెడతాను. ఏ జవాబొచ్చినా ఒప్పుకుంటా.

పొడిమేఘం
2011లో కూడా ఒకాయన సరిగ్గా ఇదే అన్నాడు సార్.

అనుమానం_ఆచారి
నేను వేరు, ఆయన వేరు. చార్టులు చదవడం నాకు కొత్త కాదు.

సగంచినుకు
స్కాన్‌లు, కోడ్ రెండూ పెట్టేశా, లింకు నా ప్రొఫైల్‌లో ఉంది. ఆచారి గారూ, మూడో చార్టు కొంచెం తడిసి చెరిగింది, అక్కడ మాత్రం భూతద్దం కావాలి.

అనుమానం_ఆచారి
భూతద్దం ఉంది. ఫైలే తెరుచుకోవట్లేదు. ఏ సాఫ్ట్‌వేర్ కావాలి?